మందులకు లొంగని సూక్ష్మజీవులు – మన చేతుల బాధ్యత

గత సంవత్సరము వేసవి సెలవులకు కొలది దినముల ముందు, మన పాఠశాలలో చిరకాలము తెలుగు బోధించి విశ్రాంతి గైకొనిన పండితులవారు తమ యింటి మెట్లపై జాఱిపడిరి. తొడ యెముక విఱిగినది. చెన్నపురిలోని ఒక పెద్ద ఆసుపత్రిలో వారికి శస్త్రచికిత్స చేసి, ఎముక కదలకుండుటకై లోపల ఉక్కు పలకను బిగించిరి. మూడవ నాటి సాయంకాలము మేమును, ఇద్దఱు ఉపాధ్యాయులును, పదవ తరగతి విద్యార్థులు ఆఱుగురును కలిసి వారిని చూడబోయితిమి. పెద్దలు మంచము పట్టినప్పుడు పోయి పలుకరించుట మన సంప్రదాయము. పోకున్నచో లోకము తప్పు పట్టును. పండ్లు, పూలు, ఇంటినుండి ఇడ్డెనలు కూడ తీసికొనిపోయితిమి.

ఆ వార్డులో పదునాలుగు మంచములు కలవు. పండితులవారు అప్పుడు నిద్రించుచుండిరి. వారు మేల్కొనువఱకు ప్రక్క మంచముపైని రోగితో మాటలు కలిపితిమి. ఆయన కడప ప్రాంతమునుండి వచ్చి యిచ్చట స్థిరపడిన తాపీమేస్త్రి. తెలుగు మాట చెవిని పడగానే ఆయన ముఖము వికసించినది. మేము ఆయన మంచము అంచున కూర్చుండి, చేయి పట్టుకొని ధైర్యము చెప్పితిమి. జాఱిపోయిన దుప్పటిని సవరించితిమి. అంతలో పండితులవారు కన్నులు తెఱచిరి. వెంటనే లేచి వారి చెంతకు పోయి, పాదములంటి నమస్కరించి, తలగడ సరిచేసి, కట్టు మీద ముడుతపడిన గుడ్డను సర్దితిమి. ఈ రెండు మంచములకు నడుమ మేము చేతులు కడుగుకొనలేదు. కడుగుకొనవలెనను తలంపైనను మాకు కలుగలేదు.

ఆఱు దినముల తరువాత మఱల పోగా వార్డు ద్వారము కడ నర్సు మమ్ము ఆపినది. "సార్, ఆయన్ను వేరే గదిలో ఉంచాము. లోపలికి ఒక్కరే వెళ్లాలి. అదీ చేతులు కడుక్కున్న తరువాతే" అను అర్థము వచ్చునట్లు తమిళమున మెల్లగా చెప్పినది. మాకు కోపము వచ్చినది. ముప్పది యేండ్లుగా ఎఱిగిన పెద్దమనిషిని చూచుటకు ఈమె యనుమతి కావలెనా యని లోలోపల గొణుగుకొంటిమి.

అదే సమయమున ఆ దారిని పోవుచున్న ఒక యువ వైద్యురాలు మమ్ము చూచి నిలిచినది. ఆమె మన పాఠశాలలో చదివిన బాలికయే. ఇప్పుడు ఆ యాసుపత్రి పరీక్షాశాలలో సూక్ష్మజీవులను గుర్తించు శాఖలో పనిచేయుచున్నది. "మాస్టారూ, ఆవిడ మీద కోప్పడకండి. పండితులుగారి పుండులో మందులకు లొంగని సూక్ష్మజీవి చేరింది. నాతో రండి, చూపిస్తాను" అని మమ్ము వెంటబెట్టుకొని పోయినది.

నాడు మేము కన్నులార చూచినదియు, పిదప చదివి తెలిసికొన్నదియు విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును విన్నవించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

గాజు పళ్లెము చెప్పిన మాట

పరీక్షాశాలలో ఆమె మాకు అఱచేతిలో ఇముడునంత గుండ్రని పళ్లెములను రెండింటిని చూపినది. వానిలో సూక్ష్మజీవులు పెరుగుటకు తగిన ఆహారమును గంజి గడ్డకట్టినట్లు పోసియుంచిరి. రోగి పుండునుండి తీసిన సూక్ష్మజీవులను దానిపై పలుచగా పూసి, వేఱువేఱు మందులలో తడిపిన చిన్న కాగితపు బిళ్లలను అక్కడక్కడ పెట్టుదురు. ఒక రాత్రి వెచ్చని పెట్టెలో ఉంచిన పిమ్మట చూచిన యెడల, ఏ మందు పనిచేయునో ఆ బిళ్ల చుట్టును సూక్ష్మజీవులు పెరుగక నిర్మలమైన వలయము ఏర్పడును.

మొదటి పళ్లెములో ఒక్కొక్క బిళ్ల చుట్టును, చంద్రుని చుట్టు గుడి కట్టినట్లు చక్కని వలయములు కనబడినవి. అది వేఱొక రోగిది. రెండవది మన పండితులవారిది. అందు పాలమీగడ వంటి తెల్లని పొర బిళ్లల అంచులవఱకు వచ్చి ఆనుకొనియున్నది. పన్నెండు బిళ్లలలో పదింటి చుట్టును వలయమే లేదు. మిగిలిన రెండింటిలో ఒకటి మూత్రపిండములను దెబ్బతీయగల మందు. అన్ని మందులును విఫలమైనప్పుడు మాత్రమే వైద్యులు దాని జోలికి పోవుదురు.

ఆ సూక్ష్మజీవి పేరు క్లెబ్సియెల్లా. అది మనుష్యుల ప్రేగులలో సాధారణముగా నివసించునదే. ఆరోగ్యవంతునకు దానివలన బాధ లేదు. కాని అది పుండులోనికో, రక్తములోనికో, ఊపిరితిత్తులలోనికో ప్రవేశించినప్పుడు ప్రాణముమీదికి తెచ్చును.

"ఆ ప్రక్క మంచము మేస్త్రిగారి మూత్రపు గొట్టములో కూడా ఇదే దొరికింది మాస్టారూ" అని ఆమె చెప్పినది. మా గుండె జల్లుమన్నది. "అమ్మాయీ, మా చేతులమీదుగా పోయినదా?" అని అడిగితిమి. ఆమె కొంత సేపు మౌనముగా నుండి, "చెప్పలేము మాస్టారూ. డాక్టరు చేతులు కావచ్చు, నర్సు చేతులు కావచ్చు, మీవి కావచ్చు. దానికి కాళ్లు లేవు, రెక్కలు లేవు. ఎవరో ఒకరు మోయాలి" అన్నది.

ఈ ఒక్క మాటలో ఈ సమస్తమైన విషయము ఇమిడియున్నదని మాకు తోచినది.

మందు ఏల ఓడిపోవును?

సూక్ష్మజీవులు మిక్కిలి వేగముగా సంతానము పొందును. అనుకూలమైన వెచ్చదనము, ఆహారము దొరికినచో కొన్ని జాతులు ఇరువది నిమిషములకు ఒకసారి రెండింతలగును. ఆ లెక్కను ఒకటితో ఆరంభించి ఏడు గంటలు గుణించినచో ఇరువది లక్షలు దాటును. ఇంతటి సంతానములో ఏ యొక్కటియో పుట్టుకతోనే కొంచెము మాఱుపాటు గలిగి, మందును విఱుగగొట్టు శక్తినో, మందును బయటకు నెట్టివేయు నేర్పునో పొందియుండును. మందు పడినప్పుడు తక్కినవి చచ్చును, ఇది మిగులును. పిదప ఆ స్థలమంతయు దానిదే. రైతు కలుపు మందు చల్లగా, ఆ మందుకు చావని గడ్డి ఒక్కటే చేనంతయు ఆక్రమించినట్లు అగును. మందు సూక్ష్మజీవికి శక్తిని నేర్పదు. శక్తిగలదానికి దారి విడుచును.

అంతియే గాక ఈ జీవులలో మఱియొక చిత్రము గలదు. మందును ఎదిరించు లక్షణమును తమలో చిన్న వలయాకారపు పోగుగా ఉంచుకొని, ఒకటి మఱియొకదానికి ఇచ్చివేయగలవు. ఇట్టి పోగును ప్లాస్మిడ్ అందురు. ఒక బాలుడు చూచి వ్రాయుటకై తన నోటుపుస్తకమును ప్రక్కవానికి ఇచ్చినట్లు, ఒక జాతి సూక్ష్మజీవి వేఱొక జాతికి కూడ దీనిని అందించును.

ఇది నిన్న మొన్న తెలిసిన సంగతి కాదు. 1928 లో లండను నగరమున అలెగ్జాండరు ఫ్లెమింగు పెనిసిలినును కనుగొనెను. ఆ మందు ప్రజలకు ధారాళముగా అందక పూర్వమే, 1940 లో అబ్రహాము, చైను అను శాస్త్రజ్ఞులు దానిని నాశనము చేయు పదార్థము కొన్ని సూక్ష్మజీవులలో గలదని ప్రకటించిరి. 1945 లో నోబెలు బహుమానము పొందిన సందర్భమున చేసిన ఉపన్యాసములోనే ఫ్లెమింగు, తక్కువ మోతాదులో పెనిసిలిను వాడినచో సూక్ష్మజీవులు దానికి అలవాటుపడగలవని హెచ్చరించెను. 1959 లో మెథిసిలిన్ అను క్రొత్త మందు వాడుకలోనికి వచ్చినది. 1961 నాటికే దానికి లొంగని స్టెఫిలోకాకస్ అను సూక్ష్మజీవి ఇంగ్లండు ఆసుపత్రులలో కనబడినది.

ఈ మందుల చరిత్రలో మన తెలుగువారికి గర్వకారణమైన పేరొకటి గలదు. 1895 లో భీమవరమున జన్మించి, ఈ చెన్నపురి వైద్య కళాశాలలోనే చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ యొక్క పరిశోధనశాలలకు నాయకత్వము వహించిరి. వారి ఆధ్వర్యవమున పనిచేసిన బెంజమిన్ డగ్గరు మట్టిలోని ఒక సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను. అది 1948 లో లోకమునకు వెల్లడియైనది. టెట్రాసైక్లిన్ అను మందుల కుటుంబములో అదియే జ్యేష్ఠము. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు దివంగతులైరి. అట్టి మహనీయులు జీవితమును ధారపోసి తెచ్చియిచ్చిన ఆయుధములను మనము మొక్కవోనీయుట న్యాయమా?

మన దేశమునకే చెందిన మఱియొక సంగతి చెప్పవలెను. ఢిల్లీలో ఆసుపత్రి చికిత్స పొంది స్వీడను దేశమునకు తిరిగిపోయిన ఒక రోగియందు 2008 లో మిక్కిలి బలమైన మందులను కూడ విఱుగగొట్టు క్రొత్త లక్షణము కనబడినది. దానిని ఎన్.డి.ఎం.–1 అని పిలిచిరి. 2010 లో వెలువడిన ఒక పరిశోధనలో, ఈ లక్షణముగల సూక్ష్మజీవులు మన చెన్నపురి రోగులలోను ఉన్నట్లు తేలినది. ఆ పరిశోధకులలో మొదటి పేరు మద్రాసు విశ్వవిద్యాలయమునకు చెందిన శాస్త్రజ్ఞునిదే. కాబట్టి ఇది ఎక్కడనో జరుగుచున్న వింత కాదు, మన వీధి సంగతి.

2019 లో మందులకు లొంగని సూక్ష్మజీవులే ప్రత్యక్ష కారణముగా ప్రపంచమున సుమారు 12 లక్షల 70 వేలమంది మరణించిరని 2022 లో ప్రకటింపబడిన అంచనా తెలుపుచున్నది.

ఆసుపత్రియే ఏల నిలయమైనది?

రోగము నయము చేసికొనుటకు పోయిన చోటనే క్రొత్త రోగము తగులుకొనుట వింతగా తోచును. కాని కారణములు స్పష్టము. ఒకటి: అచ్చట బలమైన మందులు నిత్యము వాడుకలో నుండును, వానిని ఎదిరించు జీవులే మిగులును. రెండు: అచ్చటి రోగులు దుర్బలులు. మూడు: వారి శరీరములోనికి గొట్టములు, సూదులు, ఉక్కు పలకలు పోవును, చర్మమను కోటగోడకు అచ్చట గండి పడియుండును. నాలుగు: ఒకే చేయి ఒక గంటలో పదిమంది రోగులను తాకును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 లో ప్రకటించిన లెక్క ప్రకారము, ధనిక దేశముల ఆసుపత్రులలో చేరిన నూఱుమందిలో ఏడుగురికిని, తక్కిన దేశములలో పదునైదుగురికిని ఆసుపత్రిలోనే ఏదో యొక సూక్ష్మజీవి రోగము తగులుచున్నది. అట్లు తగిలినవారిలో పదిమందికి ఒకరు మరణించుచున్నారు.

మఱియొక విషయము. మందులకు లొంగని సూక్ష్మజీవి దేహమునందున్నంత మాత్రమున మనిషి రోగి కానక్కఱలేదు. ప్రేగులలోనో, ముక్కులోనో, చర్మముపైననో అది నిశ్శబ్దముగా నివసింపవచ్చును. అతడు నవ్వుచు తిరుగుచుండును. ఇతరులకు మాత్రము అందించుచుండును. మన మేస్త్రి అట్టివాడే. ఆయనకు జ్వరము లేదు, బాధ లేదు. మంచపు కమ్ములు, తలుపు పిడులు, నీటి కుళాయిలు, రక్తపు పోటు కొలుచు పట్టీ, వైద్యుని మెడలోని స్టెతస్కోపు – వీనిపై కొన్ని జాతులు పొడిగా కూడ వారముల తరబడి బ్రదుకగలవు.

రెండు పాఠములు

1847 లో వియన్నా నగరమందలి ప్రసూతి ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు పనిచేయుచుండెను. అచ్చట రెండు విభాగములు. వైద్య విద్యార్థులు పనిచేయు విభాగములో బాలింతలు జ్వరముచే ఎక్కువగా చనిపోవుచుండిరి. మంత్రసానులు పనిచేయు విభాగములో అంతగా లేదు. విద్యార్థులు శవములను కోసి పరీక్షించి, తిన్నగా ప్రసవములకు వచ్చుచుండిరని అతడు గుర్తించెను. క్లోరిను కలిపిన నీటితో చేతులు కడుగుకొని కాని లోనికి రారాదని మే నెలలో నిబంధన పెట్టెను. ఏప్రిలులో నూటికి 18 మందికి పైగా నున్న మరణములు, జూనులో 2 కు దిగినవి. అప్పటికి సూక్ష్మజీవులే రోగకారకములని ఎవ్వరికిని నిశ్చయముగా తెలియదు. ఐనను ఆ కాలపు వైద్యులలో పెక్కుమంది అతని మాట వినలేదు. తమ చేతులే మృత్యువును మోసినవని ఒప్పుకొనుట వారికి అవమానముగా తోచినది. వార్డు ద్వారము కడ మాకు కలిగిన కోపము కూడ ఆ జాతిదే యని ఇప్పుడు సిగ్గుపడుచున్నాము.

రెండవ పాఠము మన కాలమునాటిది. అమెరికాలో బెథెస్డా యను చోట ఆ దేశ జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన ప్రఖ్యాతమైన ఆసుపత్రి కలదు. 2011 జూనులో న్యూయార్కునుండి ఒక స్త్రీని అచ్చటికి తెచ్చిరి. ఆమెయందు మందులకు లొంగని క్లెబ్సియెల్లా ఉన్నట్లు ముందే తెలియును. ఆమెను వేఱుగా ఉంచి, సిబ్బంది పై యంగీలు, చేతితొడుగులు ధరించియే సేవ చేసిరి. జూలైలో ఆమె ఇంటికి పోయినది. గండము గడచినదని అందఱును తలంచిరి. మూడు వారముల తరువాత వేఱొక రోగియందు అదే సూక్ష్మజీవి కనబడినది. తరువాత ఇంచుమించు వారమున కొకరు వంతున రోగులు బయటపడసాగిరి. ఆ సూక్ష్మజీవుల జన్యు లిపిని అక్షరమక్షరము చదివి పోల్చి చూడగా, అన్నియు ఆ మొదటి స్త్రీనుండి వచ్చినవే యని తేలినది. నడుమ వారములలో అది మౌనముగా కొందఱి ప్రేగులలో దాగియుండినది. నీటి తొట్ల క్రింది గొట్టములలోను, శుభ్రపఱచితిమని తలంచిన శ్వాసయంత్రముపైనను కూడ అది దొరికినది.

అప్పుడు వారు క్రొత్త గోడ కట్టి ఆ రోగులను విడదీసిరి. వారికి వేఱు నర్సులను నియమించిరి. జబ్బు లేనివారిని కూడ పరీక్షించిరి. గదులలో హైడ్రోజను పెరాక్సైడు ఆవిరి పట్టించిరి. చేతులు కడుగుచున్నారా లేదా యని చూచుటకు మనుష్యులనే కాపలా పెట్టిరి. ఐనను ఆ సంవత్సరము మొత్తము 18 మందికి సోకి, వారిలో 11 మంది మరణించిరి. ఆఱుగురి మరణమునకు ఆ సూక్ష్మజీవియే కారణమని నిర్ధారించిరి. ధనము, యంత్రములు, విద్య సమృద్ధిగా నున్న చోట ఇట్లయినప్పుడు, ఏమఱుపాటు ఎంత ప్రమాదమో ఊహింపవచ్చును.

వ్యాప్తిని అరికట్టు మార్గములు

మొదటిది చేతుల శుభ్రత. వైద్య సిబ్బంది చేతులు శుభ్రపఱచుకొనవలసిన సమయములు ఐదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించినది: రోగిని తాకుటకు ముందు, కట్టు కట్టుట, సూది వేయుట వంటి పనికి ముందు, రక్తము, చీము మున్నగువాని తాకిడి కలిగిన పిదప, రోగిని తాకిన పిదప, రోగి మంచమును, వస్తువులను తాకిన పిదప. ఆల్కహాలు కలిపిన ద్రవముతో 20 నుండి 30 సెకండ్లు రుద్దుకొనినచో చాలును. చేతికి మురికి కనబడుచున్నచో సబ్బు, నీరు కావలెను. దానికి 40 నుండి 60 సెకండ్లు పట్టును. చేతితొడుగు తొడిగితిమి గదా యని కడుగుట మానరాదు. ఒకే తొడుగుతో ఇద్దఱు రోగులను తాకుట, కడుగని చేతితో తాకుటతో సమానమే.

రెండవది వెదకుట. అనుమానము గల రోగులు ఆసుపత్రిలో చేరిన దినముననే పరీక్షించి తెలిసికొనవలెను. హాలెండు దేశములో పరదేశపు ఆసుపత్రిలో ఉండి వచ్చిన రోగిని మొదట వేఱు గదిలో ఉంచి, పరీక్ష ఫలము వచ్చిన పిదపనే తక్కినవారితో కలుపుదురు. మెథిసిలినుకు లొంగని స్టెఫిలోకాకస్ ఆ దేశమున మిక్కిలి తక్కువగా ఉండుటకు ఈ క్రమశిక్షణ ఒక కారణము.

మూడవది వేఱుపఱచుట. ఇది రోగిని వెలివేయుట కాదు. ఆయనకు కేటాయించిన పరికరములు ఆయనకే ఉంచి, లోపలికి పోవువారు పై యంగీ, తొడుగులు ధరించి, వెలుపలికి వచ్చునపుడు వానిని అచ్చటనే విడిచి, చేతులు కడుగుకొనుట. ఈ సంగతిని రోగికి ఆదరముతో వివరింపవలెను. లేకున్నచో మనసు క్రుంగిపోవును.

నాలుగవది పరిసరముల శుభ్రత. ఆసుపత్రిలో గచ్చు తుడుచువారి పని శస్త్రవైద్యుని పనికి ఏమాత్రము తీసిపోదు. మంచపు కమ్మి తుడిచిన గుడ్డతోనే ప్రక్క మంచమును తుడిచినచో, శుభ్రపఱచుట పేరిట సూక్ష్మజీవిని పంచిపెట్టినట్లగును. వారికి తగిన వేతనము, శిక్షణ, గౌరవము లేక ఏ ఆసుపత్రియు శుభ్రముగా ఉండజాలదు.

ఐదవది అవసరము తీరిన గొట్టములను ఆలస్యము లేక తీసివేయుట. మూత్రపు గొట్టము, నరములోని గొట్టము ఇంకను కావలెనా యని ప్రతిదినము ప్రశ్నించుకొనవలెను.

ఆఱవది మందుల వాడుకలో మితము. పరీక్షాశాల ఫలమునుబట్టి తగిన మందును, తగిన మోతాదులో, తగినన్ని దినములు మాత్రమే ఇయ్యవలెను.

ఇవి జరుగని పనులని నిరాశ పడరాదు. ఇంగ్లండులో రక్తమున చేరు మెథిసిలినుకు లొంగని స్టెఫిలోకాకస్ రోగులను ప్రతి ఆసుపత్రియు లెక్కించి తెలుపవలెనని 2001 లో నిబంధన చేసిరి. 2004 లో ఆ సంఖ్యను సగమునకు తగ్గింపవలెనని సంకల్పించిరి. 2008 నాటికి సాధించిరి. అద్భుతమైన క్రొత్త మందు ఏదియు అందులకు తోడ్పడలేదు. లెక్క వ్రాయుట, చేతులు కడుగుట, జవాబుదారీ వహించుట – ఈ మూడే.

మన దేశములోను 2012 ఆగస్టులో పలు వైద్య సంఘములవారు మన నగరముననే సమావేశమై, ఈ విపత్తును ఎదుర్కొను మార్గములను చెన్నై ప్రకటన యను పేర వెలువరించిరి. 2014 మార్చినుండి పెక్కు బలమైన మందులను హెచ్–1 అను పట్టికలో చేర్చి, వైద్యుని పేరు, రోగి పేరు, మందు పరిమాణము ప్రత్యేకమైన పుస్తకములో వ్రాసికొని, దానిని మూడేండ్లు భద్రపఱుపవలెనని అంగళ్లవారికి విధించిరి. 2017 లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక వెలువడినది. శాసనములు కలవు. వానిని ఆచరించునది మనుష్యులు.

మన వంతు

ఇంతవఱకు చెప్పినది వైద్యుల పని యని విద్యార్థులు తలంపరాదు. ఆసుపత్రి గడప దాటిన ప్రతివాడును ఆ గొలుసులో ఒక లంకెయే.

రోగిని చూడబోవునపుడు ఒక్కరో ఇద్దఱో పోవలెను. జలుబు, దగ్గు, విరేచనములు గలవారు పోరాదు. లోపలికి పోవుటకు ముందును, వెలుపలికి వచ్చిన పిదపను చేతులు కడుగుకొనవలెను. మంచముపై కూర్చుండరాదు. కట్టును, గొట్టమును తాకరాదు. ఒక రోగి చెంతనుండి మఱియొక రోగి చెంతకు పోరాదు. పోవలసివచ్చినచో నడుమ చేతులు కడుగవలెను. పసిపిల్లలను తీసికొనిపోరాదు. నర్సు ఆపినచో కోపింపక కృతజ్ఞత చెప్పవలెను. మన రోగిని తాకబోవు వైద్యుని "అయ్యా, చేతులు కడుగుకొంటిరా?" అని వినయముతో అడుగుట తప్పు కాదు. మంచి వైద్యుడు దానికి నొచ్చుకొనడు.

ఇంటి వద్ద చేయవలసినదియు కలదు. జలుబు, సాధారణమైన పడిసెపు జ్వరము వైరసు వలన కలుగును. సూక్ష్మజీవులను చంపు ఈ మందులు వైరసును ఏమియు చేయజాలవు. ఐనను మన వీధులలో మందుల అంగడికి పోయి, "రెండు మాత్రలు ఇయ్యవయ్యా" అని అడిగి కొనుట అలవాటైనది. ఆ రెండు మాత్రలు జలుబును తగ్గింపవు. ప్రేగులలోని సాధువైన సూక్ష్మజీవులను చంపి, మొండివానికి చోటు కల్పించును. పట్టీ వెనుక నిలువుగా ఎఱ్ఱ గీత గల మందులను వైద్యుని చీటి లేక కొనరాదని 2016 నుండి ప్రభుత్వము చాటుచున్నది. ఆ గీతను గుర్తించుట ప్రతి విద్యార్థియు నేర్చి, ఇంటిలో అవ్వకు, తాతకు చూపవలెను. మిగిలిన మాత్రలను దాచి ఇంకొకరికి ఇయ్యరాదు. వైద్యుడు చెప్పినన్ని దినములు వాడవలెను. తమంత తాము మానరాదు, పొడిగింపరాదు.

పండితులవారి విషయము చెప్పి ముగింతుము. వారు ఏబది మూడు దినములు ఆసుపత్రిలో నుండిరి. సూక్ష్మజీవి ఉక్కు పలకను అంటిపెట్టుకొని యుండుటచే దానిని తీసివేయవలసివచ్చినది. మఱల రెండు శస్త్రచికిత్సలు జరిగినవి. ఇంటివారు నగలు కుదువబెట్టిరి. ప్రాణము దక్కినది, కాని కాలు పొట్టియైనది. ప్రతి శుక్రవారము సాయంకాలము మన పాఠశాలకు నడచివచ్చి, తమిళ మాధ్యమములో చదువుకొను తెలుగు పిల్లలకు ఉచితముగా అక్షరములు నేర్పిన వారు, ఇప్పుడు చేతికఱ్ఱతో వీధి గుమ్మమువఱకు మాత్రమే రాగలుగుచున్నారు. ఆ తరగతి నిలిచిపోయినది.

మేము ఒకనాడు ఉండబట్టలేక, ప్రక్క మంచము సంగతి, మా కడుగని చేతుల సంగతి వారితో చెప్పితిమి. వారు కొంతసేపు ఊరకుండి, "అయ్యా, తెలియక చేసినదానికి దోషము లేదు. తెలిసిన తరువాత పదిమందికి చెప్పకపోతే దోషము" అనిరి. ఆ యాజ్ఞను శిరసావహించి ఈ వ్యాసమును వ్రాసితిమి.

ఈ సంవత్సరమునుండి మన పాఠశాలలో ఒక నియమము పెట్టుకొంటిమి. ఆసుపత్రిలో నున్నవారిని చూచుటకు పాఠశాల తరపున ఒక్కరే పోవుదురు; తక్కిన విద్యార్థులు ఉత్తరములు వ్రాసి పంపుదురు. ఆ ఉత్తరములు తెలుగులో నుండును. పలుకరింపు చేరవలసినది హృదయమునకు గదా. విద్యార్థులారా, శుక్రవారపు తరగతిని పండితులవారి యింటి అరుగుమీద మఱల ఆరంభింపవలెనని మా కోరిక. రాదలచినవారు పేర్లు ఇయ్యుడు. అరుగు ప్రక్కన కుళాయి కలదు. సబ్బు మేము ఉంచెదము.